కూపర్స్‌టౌన్ ట్రిప్: మ్యూజియం బాగుంది, మోటెల్ బాలేదు, బాండ్స్ ఇంకా బయటే

ముందే చెప్పేస్తున్నా, కార్లో బేస్‌బాల్ పట్టనివాళ్లు ఒక్కరు ఉన్నా సరే, న్యూయార్క్ రాష్ట్రంలో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ (గొప్ప ఆటగాళ్ల ఫలకాలుండే మ్యూజియం) ఉన్న కూపర్స్‌టౌన్‌కి వేసవిలో వెళ్లకండి, అక్టోబర్ మొదట్లో వెళ్లండి. మా కార్లో అలాంటివాళ్లు ఇద్దరు, మా అక్క, మా ఆవిడ. ఆట పిచ్చి ఉన్నది మా బావకి, ఆయన ఒక్కడూ పదిమంది పెట్టు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటారు, 2001 నుంచి 2004 దాకా శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ మ్యాచ్‌లకి వీలు దొరికినప్పుడల్లా వెళ్లిన మనిషి. అంటే ఆ జట్టు స్టార్ బ్యాటర్ బ్యారీ బాండ్స్ బంతిని స్టేడియం దాటించి సముద్రపు నీళ్లలో పడేసే రోజులు. అలాంటాయన న్యూజెర్సీ వచ్చి, నయాగరా వద్దు, హాల్ ఆఫ్ ఫేమ్ చూపించు అంటే కాదనలేం కదా.

న్యూజెర్సీలో మా ఎడిసన్ నుంచి నాలుగు గంటల డ్రైవ్. క్యాట్‌స్కిల్ కొండల మీదుగా 28వ నంబర్ రోడ్డు పట్టుకుంటే కొంచెం మెలికలు ఎక్కువే కానీ, ఆకులు రంగు మారే రోజుల్లో ఆ దారే సగం ట్రిప్. కొండల మధ్య ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. రైల్లో వద్దామంటే ఆ ఊరికి రైలు లేదు, ఆల్బనీలోనో యూటికాలోనో దిగి మళ్లీ కారు చూసుకోవాల్సిందే. ఊరు చాలా చిన్నది, జనాభా రెండు వేలు కూడా ఉండదు, ట్రాఫిక్ లైట్ ఒకటే.

పార్కింగ్ గురించి ఒక మాట. మెయిన్ స్ట్రీట్ మీద చోటు కోసం తిరిగి బుర్ర పాడుచేసుకోవద్దు. ఊరి అంచుల్లో ఉచిత పార్కింగ్ స్థలాలున్నాయి, సీజన్‌లో అక్కణ్ణుంచి ట్రాలీ బస్సు నడుస్తుంది, కొద్ది డాలర్లకి రోజంతా ఎక్కి దిగొచ్చు. సెప్టెంబర్ మొదటి వారం దాటాక శని, ఆదివారాలే తిరుగుతుంది, అది చూసుకోండి.

ఇక బస. పేరు చెప్పను గానీ, మేం దిగిన మోటెల్ ఊరికి కాస్త దూరంలో హైవే పక్కన ఉంది. ఫోటోల్లో చూసిన గదికీ తలుపు తీశాక కనిపించిన గదికీ ఏ చుట్టరికమూ లేదు. కార్పెట్‌లో తడి వాసన, హీటర్ వేస్తే లారీ స్టార్ట్ అయినట్టు చప్పుడు, వేడి నీళ్లు ముందు స్నానం చేసినవాళ్లకే. రిసెప్షన్‌లో చెప్తే "పాత బిల్డింగ్ కదా" అన్నాడు, రేటు మాత్రం కొత్త బిల్డింగ్ రేటే. ఇక్కడ రేట్లు ఇలా ఉండటానికి కారణం ఉంది. వేసవంతా ఈ చుట్టుపక్కల పన్నెండేళ్ల పిల్లల బేస్‌బాల్ క్యాంపులు నడుస్తాయి, వారం వారం దేశం నలుమూలల నుంచి జట్లు దిగుతాయి, పిల్లలు క్యాంపులో, అమ్మానాన్నలు, తాతయ్యలు, అమ్మమ్మలు అద్దె ఇళ్లలో. అందుకే జూన్ నుంచి ఆగస్టు దాకా ఇళ్లు చాలావరకు వారం లెక్కనే ఇస్తారు, ఒక రాత్రికి అడిగితే వింతగా చూస్తారు. మళ్లీ వెళ్తే నేనైతే రెండిట్లో ఒకటి చేస్తా. ఊళ్లోనే నడిచి తిరిగేట్టు బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ ఇల్లు, లేదంటే దక్షిణంగా అరగంట దూరంలో ఉన్న ఒనియోంటాలో మామూలు చైన్ హోటల్. ఒనియోంటాలో వాల్‌మార్ట్ కూడా ఉంది, పాలు, పెరుగు, పిల్లల సామాను దొరుకుతాయి.

సరస్సు ఒడ్డున ఒటెసాగా అని 1909 నాటి హోటల్ ఉంది. అక్కడ దిగే స్తోమత ఉంటే దిగండి, లేకపోయినా వెనక వరండాలో కూర్చుని ఒక కాఫీ తాగి రండి, ఆట్సీగో సరస్సు మొత్తం ఎదురుగా ఉంటుంది. సస్క్వెహానా నది పుట్టేది ఈ సరస్సులోంచే.

తిండి విషయంలో శాకాహారులకి పిజ్జా, పాస్తా, గ్రిల్డ్ చీజ్, మళ్లీ పిజ్జా. అక్క పులిహోర కలిపి తేబట్టి బతికాం.

ఇప్పుడు అసలు సంగతి, మ్యూజియం. టికెట్ పెద్దవాళ్లకి ముప్పై డాలర్ల దరిదాపుల్లో, పూర్తిగా విలువైనది. మూడు అంతస్తులు, ఓపికగా చూస్తే రోజు పడుతుంది. రెండో అంతస్తు నుంచి మొదలుపెట్టమంటారు, అక్కడ ఆట చరిత్ర వరసగా ఉంటుంది. నాకు నచ్చింది ఏంటంటే, వీళ్లు తమ ఊరి కథనే దాచుకోలేదు. 1839లో ఆబ్నర్ డబుల్‌డే అనే ఆయన ఇక్కడే బేస్‌బాల్ కనిపెట్టాడని 1907లో ఒక కమిషన్ తేల్చింది, ఆ మాట పట్టుకునే 1939లో మ్యూజియం ఇక్కడ తెరిచారు. తీరా చూస్తే ఆ ఏడాది డబుల్‌డే వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీలో చదువుకుంటున్నాడు. అది వట్టి కథ అని మ్యూజియమే ఒప్పుకుంటుంది. నల్లజాతి ఆటగాళ్లని దశాబ్దాలపాటు బయట ఉంచిన చరిత్రకీ పెద్ద గది ఇచ్చారు. బాండ్స్ కంటే ముందు రికార్డు పట్టుకున్న నల్లజాతి ఆటగాడు హ్యాంక్ ఆరన్‌కి విడిగా గ్యాలరీ ఉంది, అక్కడ హడావుడి పడకండి. పైన మూడో అంతస్తులో రికార్డుల గది. బావ అక్కడికి చేరాక మాకు కనిపించడం మానేశాడు.

ఆట తెలియనివాళ్ల కోసం: బ్యారీ బాండ్స్ కెరీర్‌లో కొట్టిన హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) 762, ఎవరికీ అన్ని లేవు. ఒకే సీజన్‌లో 73, 2001లో, అదీ రికార్డే. లీగ్ ఉత్తమ ఆటగాడి అవార్డు ఏడుసార్లు, రెండో స్థానంలో ఉన్నవాళ్లకి ఇంకా అన్ని లేవు. కానీ బావ చెప్పేది ఈ అంకెలు కాదు, 2004 సంగతి. ఆ సీజన్‌లో అవతలి జట్లు ఆయనకి బంతి వెయ్యడానికే భయపడి 120 సార్లు కావాలనే, కొట్టే అవకాశం ఇవ్వకుండా, ఉచితంగా మొదటి బేస్ (పరుగు దారిలో మొదటి మజిలీ) ఇచ్చి పంపేశాయి. "టికెట్ కొనుక్కుని వెళ్లి, నాలుగుసార్లు ఆయన బ్యాట్ పక్కన పడేసి నడిచి వెళ్లడం చూసి వచ్చేవాళ్లం, అయినా డబ్బులు దండగైనట్టు అనిపించేది కాదురా" అంటాడు.

ఇంత చేసినాయన ఫలకం మాత్రం కింది అంతస్తులో లేదు. ఆ కంచు ఫలకాల హాల్ నిజంగా గుడిలా నిశ్శబ్దంగా ఉంటుంది, 350 దాటిన ముఖాలు, చివర్లో 1936లో ఎన్నికైన మొదటి ఐదుగురు, అందులో పాతకాలపు హోమ్ రన్ల వీరుడు బేబ్ రూత్. ఇక్కడికి ఎవరు రావాలో ముందు ఓటేసేది పత్రికా రచయితలు, వాళ్లు బాండ్స్‌ని పదేళ్లు ఓట్లలో తిప్పారు. 2013లో 36.2 శాతం, ఆఖరిసారి 2022లో 66 శాతం, కావలసింది 75 శాతం. కారణం స్టెరాయిడ్లు, అంటే కండబలం పెంచే మందులు. ఆటగాళ్లకి ఆ మందులు అందించిన బాల్కో ల్యాబ్ కేసులో గ్రాండ్ జ్యూరీ ముందు తను వాడినవి స్టెరాయిడ్లని తెలియదన్నాడు, 2011లో న్యాయానికి అడ్డుపడ్డాడని శిక్ష పడింది, 2015లో పై కోర్టు కొట్టేసింది. లీగ్ మాత్రం స్టెరాయిడ్ల పేరుతో ఆయన్ని ఒక్కరోజు కూడా సస్పెండ్ చెయ్యలేదు.

ఇక్కడ బావకీ నాకూ హాల్లోనే వాదన, గుసగుసగానే అనుకోండి. ఆయనది ఒకటే మాట: చూసినవాడికి తెలుసు, పెట్టాల్సిందే. నేనూ పెట్టాలనే అంటాను గానీ, నా లెక్క వేరు. మందులు మొదలయ్యాయని ఎక్కువమంది చెప్పేది 1998 సీజన్ తర్వాత. అప్పటికే ఆయనకి 411 హోమ్ రన్లు, 445 దొంగిలించిన బేస్‌లు (బంతి కొట్టకుండానే, అవతలివాళ్లు చూసేలోపు తర్వాతి బేస్‌కి పరిగెత్తడం), మూడు ఉత్తమ ఆటగాడి అవార్డులు, ఫీల్డింగ్‌కి ఎనిమిది గోల్డ్ గ్లవ్స్ ఉన్నాయి. నాలుగొందల హోమ్ రన్లూ నాలుగొందల దొంగిలించిన బేస్‌లూ రెండూ ఉన్న మొదటి మనిషి. ఆ రోజు ఆట మానేసి ఇంటికెళ్లినా మొదటి ఏడాదే ఎన్నికయ్యేవాడు. అదే కాలపు ఇంకో హోమ్ రన్ల వీరుడు మార్క్ మెగ్వయర్‌కి నేను ఈ మాట చెప్పలేను. 583 హోమ్ రన్లు ఉన్నాయి, 1998లో 70 కొట్టి దేశాన్ని ఊపేశాడు, 2010లో స్టెరాయిడ్లు వాడానని ఒప్పుకున్నాడు కూడా. కానీ హోమ్ రన్లు పక్కన పెడితే మిగిలేది .263 బ్యాటింగ్ సగటు, అంటే మామూలు అంకె. ఆ హోమ్ రన్ల మీదే అనుమానం ఉన్నప్పుడు ఇంక దేన్ని చూసి ఓటెయ్యాలి?

ఓటింగ్ నియమాల్లో నిజాయతీ, గుణం చూడాలని రాసి ఉంది, అది నాకూ తెలుసు. మరి నియమాలకి విరుద్ధంగా ఉమ్మి పూసిన బంతులేసేవాణ్ణని తనే చెప్పుకున్న గేలార్డ్ పెర్రీ 1991 నుంచి అదే గోడ మీద ఉన్నాడు. ఈ స్టెరాయిడ్ల కాలమంతా లీగ్‌ని నడిపిన కమిషనర్ బడ్ సీలిగ్ ఫలకం 2017లో పెట్టారు. స్టేడియాలు నిండినప్పుడు చూస్తూ కూర్చున్నాయన లోపల, నింపినాయన బయట. నాకు మింగుడుపడనిది ఇదే. హైదరాబాద్ వాళ్లకి ఈ తంటా కొత్తది కాదు లెండి, అజారుద్దీన్ మీద 2000లో జీవితకాల నిషేధం, 2012లో అది చెల్లదని హైకోర్టు తీర్పు, ఈనాటికీ ఆయన పేరెత్తితే నలుగురిలో ఇద్దరు మణికట్టు గురించి మాట్లాడతారు, ఇద్దరు ఆ కేసు గురించి.

నా వాదనకి ఎదురు నిలిచేది మాత్రం హ్యాంక్ ఆరన్ గ్యాలరీ. 755 హోమ్ రన్లు, బేబ్ రూత్ రికార్డు దాటబోతున్నాడని చంపుతామంటూ ఉత్తరాలు వచ్చినా ఆగకుండా ఆడిన మనిషి. బాండ్స్ ఆయన్ని దాటిన 756వ హోమ్ రన్ బంతిని 2007లో ఒక ఫ్యాషన్ డిజైనర్ 7,52,467 డాలర్లకి కొని, ఏం చెయ్యాలని జనాన్ని ఓటడిగి, వాళ్లు చెప్పినట్టే దాని మీద నక్షత్రం గుర్తు (ఈ రికార్డు మీద సందేహం ఉందని చెప్పేది) కొట్టించి ఈ మ్యూజియానికి ఇచ్చేశాడు. ఇదే పద్ధతి కింద కూడా పాటించొచ్చు కదా? ఫలకం పెట్టండి, అందులోనే బాల్కో సంగతి ఒక వాక్యం రాయండి. డబుల్‌డే కథ అబద్ధమని రాసుకోగలిగినవాళ్లకి ఇదేం కష్టం?

అక్కకీ మా ఆవిడకీ ఈ గొడవ పట్టలేదు, వాళ్లు ఫార్మర్స్ మ్యూజియం, ఫెనిమోర్ ఆర్ట్ మ్యూజియం చూసొచ్చారు. రెండూ ఎదురెదురుగా ఉంటాయి, ప్రశాంతంగా ఉంటాయి, బేస్‌బాల్ పడనివాళ్లని అక్కడ దింపేసి రావచ్చు. ఫార్మర్స్ మ్యూజియంలో కార్డిఫ్ జెయింట్ అని పదడుగుల రాతిమనిషి ఉన్నాడు, 1869లో నిజమైన రాక్షసుడి శరీరం దొరికిందని జనాన్ని నమ్మించి టికెట్లమ్మారు. "ఈ ఊరికి అబద్ధాలంటే భలే ఇష్టంలా ఉందే, మీ బాండ్స్ ఒక్కడి మీదే ఎందుకు పగ" అంది అక్క. బావ దాన్ని వారం రోజులు తనమాటగా చెప్పుకు తిరిగాడు.

మెయిన్ స్ట్రీట్ దుకాణాల్లో బ్యాట్ మీద పేరు చెక్కించి ఇస్తారు, పిల్లలకి బాగుంటుంది, మిగతా సరుకు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికేదే. ఊళ్లోని బేస్‌బాల్ మైదానం డబుల్‌డే ఫీల్డ్‌లోకి ఊరికే వెళ్లి కూర్చోవచ్చు.

మేం వచ్చాక 2025 డిసెంబర్‌లో, రచయితల ఓట్లలో తప్పిపోయినవాళ్లని మళ్లీ చూసే పదహారు మంది కమిటీ ఓటేసింది. బాండ్స్‌కి ఐదు ఓట్లు కూడా రాలేదు. ఎన్నికైంది జెఫ్ కెంట్, అదే జెయింట్స్ జట్టులో బాండ్స్‌తో డగౌట్‌లో (ఆటగాళ్లు కూర్చునే చోట) కొట్టుకున్న కెంట్. కొత్త నియమం ప్రకారం బాండ్స్ పేరు మళ్లీ రావాలంటే 2031 దాకా ఆగాలి, అప్పుడూ ఐదు రాకపోతే ఇక శాశ్వతంగా అంతే. కెంట్‌కీ, రచయితల ఓట్లతో ఎన్నికైన బెల్ట్రాన్, ఆండ్రూ జోన్స్‌లకీ సన్మానం 2026 జులై 26న, మ్యూజియానికి మైలు దూరంలో క్లార్క్ స్పోర్ట్స్ సెంటర్ మైదానంలో. పచ్చిక మీద చూడ్డానికి టికెట్ అక్కర్లేదు, కుర్చీ, టోపీ మీరే తెచ్చుకోవాలి. వెళ్లాలనుకుంటే గది ఇప్పుడే చూసుకోండి, ఊళ్లో దొరకడం కష్టం, ఒనియోంటాలోనో యూటికాలోనో వెతకండి. బావని కూడా పిలిచాను. కెంట్‌కి చప్పట్లు కొట్టడానికైతే విమానం టికెట్ కొననన్నాడు.