మోకీళ్ల అరుగుదల: ఏళ్ల తరబడి వాడి చూశాక

మోకాలి నొప్పికి ఏం వాడినా నేను చూసేది ఒక్కటే: మెట్లు దిగగలుగుతున్నానా, లేదా. ఎక్కడం ఎలాగోలా అయిపోతుంది. దిగేటప్పుడే చిప్ప వెనక పట్టేస్తుంది.

ఆ లెక్కన పారాసిటమాల్‌కి పాస్ మార్కులు కూడా రావు. కీళ్ల గుజ్జు కోసమని అమ్మే గ్లూకోసమైన్ కూడా అంతే. 2006లో అమెరికాలో జరిగిన పెద్ద పరీక్షలో కూడా, మొత్తం మీద చూస్తే, అది ఉత్తుత్తి మాత్రను దాటలేదు. డబ్బా అయ్యాక మళ్లీ కొనలేదు.

ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్ లాంటి మాత్రలు గట్టిగానే పనిచేస్తాయి, కాదనను. కానీ నాకు కడుపులో మంట, పైగా బీపీ పెరిగింది. కిడ్నీ, గుండె సమస్యలున్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు. ఇప్పుడు బాగా నడవాల్సిన రోజున తప్ప వేసుకోను.

నా దగ్గర నిలిచిపోయింది డైక్లోఫెనాక్ జెల్. చాలామంది బఠాణీ గింజంత రాసి, పనిచేయలేదని పక్కన పడేస్తారు. 1 శాతం జెల్ అయితే మోకాలికి ఒక్కో విడతకి 4 గ్రాములు, రోజుకి నాలుగుసార్లు. కొన్ని ట్యూబులతో వచ్చే కొలత పట్టీ మీద పరిచి చూస్తే, ఇంతా అనిపిస్తుంది! చిప్ప చుట్టూ, పక్కలకి, వెనక గుంటలోకి కూడా పట్టించి, పది నిమిషాలు ఆరనిచ్చాకే బట్ట తగలనివ్వాలి. ఇదే మందు మాత్రగా మింగినదానితో పోలిస్తే రక్తంలోకి వెళ్లేది 6 శాతం మాత్రమే, అందుకే కడుపు జోలికి రాలేదు.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు హాయి. మాటిమాటికీ మాత్రం వద్దు. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్లు చేస్తే, ఉప్పునీటి ఇంజెక్షన్ కంటే నొప్పేమీ తగ్గలేదు, గుజ్జు మాత్రం ఎక్కువ అరిగింది. నాకు దాని ఉపయోగమల్లా, నొప్పి లేని ఆ వారాల్లో వ్యాయామం మొదలుపెట్టగలగడం.

అసలు మెట్లు దించింది ఆ వ్యాయామమే. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి నొక్కి పట్టడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం. తొడ కండరం బలపడేదాకా మొదట్లో విసుగొస్తుంది, నొప్పి కూడా కాస్త పెరుగుతుంది. మర్నాటికి సర్దుకుంటే కొనసాగించమన్నారు మా ఫిజియో. బరువు తగ్గితే మరీ మంచిది: ఒక కిలో తగ్గితే అడుగడుగునా మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందట.

ఆపరేషన్ గురించి నేను చెప్పలేను, చేయించుకోలేదు. చేతికర్ర వాడేవాళ్లకి మాత్రం ఒక మాట: నొప్పి ఉన్న కాలి వైపు కాదు, రెండో చేత్తో పట్టుకోండి.