ఇడ్లీనా, పెసరట్టా?

చెన్నైలో పొద్దున్నే ఇడ్లీని కాదనడం కష్టం. మాంబళంలో మా వీధి చివర మెస్సులో నాలుగు ఇడ్లీలు పొగలుకక్కే సాంబారుతో వస్తే షుగరున్న సంగతే గుర్తుండదు. ఆవిరి మీద ఉడికింది, నూనె లేదు, మంచిదే అంటారు. నూనె సంగతి సరే. ఇక్కడి పిండిలో ఒక పాలు మినప్పప్పుకు మూడు నాలుగు పాళ్లు బియ్యం! రుబ్బి ఉడికించిన బియ్యం ఇట్టే అరిగి చక్కెరను పెంచుతుంది.

పెసరట్టు దారి వేరు. 100 గ్రాముల పెసల్లో మాంసకృత్తులు సుమారు 24 గ్రాములు, బియ్యంలో 7-8. పొట్టుతో రుబ్బితే పీచూ ఎక్కువే. అందుకే చక్కెర నిదానంగా ఎక్కుతుంది. లోపల ఉప్మా పెట్టారో, మళ్లీ మొదటికే. (ఉప్మా లేని పెసరట్టేమిటని మా బావగారి అలక.)

నా ఓటు పెసరట్టుకే, బెల్లం వేయని అల్లం పచ్చడితో. ఇడ్లీ మానలేకపోతే రెండు చాలు, ముక్కలు నిండుగా ఉన్న సాంబారుతో. ఏది తిన్నా, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు గ్లూకోమీటరు చూసుకోండి. చాలామందికి 180 లోపు ఉండాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మాత్రం టిఫిను మార్చే ముందు డాక్టరును అడగాలి, చక్కెర మరీ పడిపోవచ్చు.