కార్క్ షీటు కొనేముందు అంచు మీద టేపు పీకి చూడండి

విజయవాడలోగానీ గుంటూరులోగానీ ఎవరైనా ఇంట్లో ట్రావెల్ మ్యాప్ చేసుకుందామని కార్క్ (చెట్టు బెరడుతో చేసే మెత్తటి) షీటు కొనబోతుంటే రెండు నిమిషాలు ఆగి ఇది చదవండి. నాకు 2,400 రూపాయలు పోయాయి. అంతకంటే ఎక్కువ బాధ, అమ్మ పుట్టినరోజుకు ఇద్దామని మొదలుపెట్టిన పని మధ్యలో పాడైపోయినందుకు.

మా అమ్మకు యాత్రలంటే ప్రాణం. కాశీ, గయ, పూరీ, రామేశ్వరం, ద్వారక, బదరీనాథ్ అన్నీ చూసొచ్చింది. ఎక్కిన ప్రతి రైలు టికెట్టూ ఒక బిస్కెట్ల డబ్బాలో దాచింది. మొన్న సంక్రాంతికి ఆ డబ్బా ముందేసుకుని ఒక్కో టికెట్టూ తీసి పిల్లలకు కథలు చెబుతుంటే నాకీ ఆలోచన వచ్చింది. కార్క్‌ను ఇండియా ఆకారంలో కోసి, హాల్లో గోడకు పెట్టి, వెళ్లిన ప్రతి ఊరి మీదా అమ్మ చేతే పిన్ను గుచ్చించాలని.

వన్‌టౌన్‌లో ఒక షాపుకు వెళ్లాను. మూడడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు షీటు చూపించి "10 ఎంఎం ప్యూర్ కార్క్ మేడం, పోర్చుగల్ మాలు" అన్నాడు. నాలుగు అంచులకూ బ్రౌన్ టేపు వేసి ఉంది. ఎందుకని అడిగితే, "కార్క్ అంచులు రాలిపోతాయి మేడం, కంపెనీ వాళ్లే ఇలా వేసి పంపిస్తారు" అన్నాడు. కార్క్ అంచులు కాస్త రాలే మాట నిజమే కాబట్టి నమ్మాను. నా ఎదురుగానే పిన్ను గుచ్చి చూపించాడు. గట్టిగా నిలబడింది. బిల్లు అడిగితే చిన్న చీటీ మీద ఎంత డబ్బో మాత్రం రాసిచ్చాడు. ఫోన్‌పే కొట్టి, ఆటోలో షీటు వంగకుండా ఒళ్లో పెట్టుకుని పటమట వచ్చేశాను.

ఆదివారం కటింగ్ మొదలుపెట్టాను. గుజరాత్ దగ్గర కచ్ వంపు తిప్పుతుంటే బ్లేడు కింద కరకరమని శబ్దం వచ్చింది. కార్క్ కోస్తే అలాంటి చప్పుడు రాదు. ముక్క పైకి లేపేసరికి తెల్లటి పూసలు జలజలా రాలి చాపంతా పరుచుకున్నాయి. థర్మోకోల్! పైన రెండు మిల్లీమీటర్ల కార్క్ పొర, వెనకాల బ్రౌన్ పేపరు, మధ్యలో ఉన్నదంతా థర్మోకోల్. ఆ టేపు వేసింది అంచులు రాలకుండా కాదు, లోపలున్నది మన కంటపడకుండా.

సరే, ప్లైవుడ్‌కు అతికించేస్తే సరిపోతుందిలే అనుకున్నాను. రబ్బరు, రెక్సిన్ అతికించే పసుపు రంగు గమ్ వెనకాల పేపరు మీద రాశాను. ఆ గమ్‌లో ఉండే సాల్వెంట్ థర్మోకోల్‌ను కరిగించేస్తుంది. కాసేపట్లోనే అది పేపర్లోంచి లోపలికి ఇంకి, మధ్యప్రదేశ్ ఉండాల్సిన చోట అరచేయంత గుంట పడింది. పైనున్న కార్క్ పొర తడిసిన అప్పడంలా అందులోకి దిగబడిపోయింది. అసలైన కార్క్‌కు ఆ గమ్ భేషుగ్గా పనిచేస్తుంది. మీరు కొన్నదాంట్లో థర్మోకోల్ ఉందని తేలితే మాత్రం ఆ గమ్‌ను దగ్గరకు కూడా రానివ్వకండి.

మర్నాడు షాపుకు పట్టుకెళ్తే "కోసేశారుగా మేడం, ఎలా తీసుకుంటాం" అన్నాడు. కోయకపోతే లోపల ఏముందో ఎలా తెలుస్తుందని అడిగాను. సమాధానం చెప్పకుండా గోడ మీద బోర్డు చూపించాడు: అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.

ఆ బోర్డు చూసి వెనక్కి తిరిగి రావద్దు. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, చీటీ, ఫోన్‌పే రికార్డు, కోసిన అంచు ఫొటోలతో ఫిర్యాదు పెట్టాను. ఫిర్యాదు నంబరు ఇచ్చారు, డబ్బు ఇంకా రాలేదు. వాళ్లతో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఐదు లక్షల లోపు కేసులకు అక్కడ ఫీజు లేదు. అసలు బిల్లే చేతిలో ఉండుంటే నా పని ఇంకా తేలికయ్యేది. ఎన్నిసార్లయినా అడగండి, మొహమాటపడకండి. బిల్లు మీద "కార్క్ షీటు, 10 ఎంఎం" అని రాయించండి.

షాపులోనే ఏం చూడాలో ఇప్పుడు తెలిసింది. టేపు ఉంటే పీకించండి, ఒప్పుకోకపోతే వచ్చేయండి. అంచు పైనుంచి కింది దాకా ఒకే గోధుమరంగు గింజలుగా కనపడాలి. పిన్ను గుచ్చితే చాలదు. నేను మోసపోయింది అక్కడే, థర్మోకోల్‌లో కూడా మొదటిసారి పిన్ను బాగానే నిలుస్తుంది. పైన కాదు, అంచు మధ్యలో గుచ్చి, పీకి, ఆ కన్నం చూడండి. కార్క్ గాలితో నిండిన చిన్న చిన్న గదులతో ఉంటుంది, నొక్కితే అణిగి మళ్లీ లేస్తుంది, కాబట్టి కన్నం చాలావరకు మూసుకుంటుంది. థర్మోకోల్‌లో పడిన కన్నం అలాగే ఉండిపోతుంది.

ఆటోనగర్‌లో చవగ్గా దొరుకుతుందని కొందరు చెబుతారు. అక్కడ దొరికేది ఎక్కువగా ఇంజన్లకు గాస్కెట్లు (భాగాల మధ్య లీకు కాకుండా పెట్టేవి) కోసే రబ్బరు కార్క్. దాని పనికి అది మంచిదేగానీ, మన పిన్ను అందులో సులువుగా దిగదు. ఇక రెండు మూడు మిల్లీమీటర్ల పల్చటి రోలు కొన్నా లాభం లేదు, పుష్ పిన్ను (లావుపాటి ప్లాస్టిక్ తల ఉండేది) ముల్లే సుమారు 10 మిల్లీమీటర్లుంటుంది. కార్క్ దాటి వెళ్లి వెనకాల చెక్కకు తగులుతుంది.

ఇంకో మాట. కార్క్ ఓక్ చెట్టు బెరడు ఒకసారి వలిచాక మళ్లీ వలవడానికి తొమ్మిదేళ్లు ఆగాలి. ప్రపంచంలో వచ్చే కార్క్‌లో దాదాపు సగం పోర్చుగల్‌దే. అంత దూరం నుంచి వచ్చే సరుకు మందంగా, పెద్దగా ఉండి మరీ చవగ్గా ఇస్తున్నారంటే అనుమానించాల్సిందే. నేను ధర విని సంతోషపడ్డానేగానీ అనుమానపడలేదు.

అదే షాపులో 300 పెట్టి మ్యాప్ స్టెన్సిల్ (పెట్టి చుట్టూ గీసుకునే అచ్చు) కూడా కొన్నాను. ఇంటికొచ్చి విప్పితే అందులో తెలంగాణే లేదు. 2014 జూన్ 2న ఏర్పడిన రాష్ట్రం! 2019లో విడిగా ఏర్పడిన లదాఖ్ కూడా లేదు. అండమాన్, లక్షద్వీప్ ఊసే లేదు. స్టెన్సిల్‌కు డబ్బు పెట్టకండి. సర్వే ఆఫ్ ఇండియా పోర్టల్‌లో ఇండియా మ్యాప్ ఉచితంగా దొరుకుతుంది. దాన్ని మీకు కావలసిన సైజులో ప్రింటు తీయించుకుని కార్క్ మీద పెట్టి గీసుకోవచ్చు.

చివరికి వేరే షాపులో 5 ఎంఎం షీట్లు రెండు, అంచులు చూసి, బిల్లు తీసుకుని కొన్నాను. చుట్ట చుట్టి ఇచ్చారు కాబట్టి రెండు రోజులు బియ్యం బస్తా కింద పరిచి ఉంచి, ఒకదాని మీద ఒకటి అతికించి కోశాను. ఈసారి చాప మీద పడింది గోధుమరంగు పొడి మాత్రమే.

పిన్నుల పెట్టె అంటగడతారు, అదీ ఆలోచించి కొనండి. మూడడుగుల మ్యాపులో సెంటీమీటరంటే దాదాపు 35 కిలోమీటర్లు. పంచారామాలకు పిన్నులు పెట్టబోతే భీమవరానిదీ పాలకొల్లుదీ తలలు ఒకదానికొకటి తగిలి రెండోది నిలవలేదు. పుష్ పిన్నులు పక్కన పెట్టి, కుట్టుమిషను డబ్బాలోంచి రంగు గుండుసూదులు తెచ్చి, ఐదూ అమ్మే గుచ్చింది.