బేగంబజార్ ఉస్త్రా: ఇంట్లో గడ్డం గీసుకోవడం కొత్తగా నేర్చుకునేటోళ్లకు నా రివ్యూ

ముందే చెప్పేస్తున్న, ఇది సెలూన్లల్ల వాడే సగం బ్లేడు ఉస్త్రా గురించి, అంటే మామూలు బ్లేడుని పొడుగున రెండు సగాలు చేసి ఒక సగం పెట్టుకునే మంగలి కత్తి, తోలు పట్టా మీద రుద్దుకుంట వాడే అసలు కత్తి గురించి కాదు. కొత్తోళ్లు ఏది తీస్కోవాలె అంటే నేనైతే బ్లేడు మార్చుకునేదే అంట, కానీ దాంట్ల కూడా బరువున్నదే తీస్కోవాలె, తేలికది అస్సలు వద్దు.

బేగంబజార్ల సెలూన్ సామాను హోల్‌సేల్‌గా అమ్మే షాపుల తీసుకున్న. అటు కారు తీస్కపోతే పార్కింగ్‌కే సగం రోజు పోతది, మెట్రోల ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్ల దిగి ఆటో పట్టుకుంటే సుఖం. షాపాయన కౌంటర్ మీద ప్లాస్టిక్ పిడివి, అల్యూమినియంవి, మొత్తం స్టీలువి అన్నీ పరిచి, "చేతిల పట్టుకొని చూడు భాయ్, తొందరేం లేదు" అన్నడు. ఆ ఒక్క మాటకే ఆ షాపుకి ఫుల్ మార్కులు, ఎందుకంటే ఉస్త్రాని ఫొటో చూసి కొనొద్దు. స్టీలుది మూడు వందల లోపే వచ్చింది. కొనేటప్పుడు అక్కడనే సగం బ్లేడు పెట్టించి మూయించి వెలుతురుకి పట్టి చూడండి, అంచు ఈ చివర నుంచి ఆ చివర దాక ఒకే లెక్కన బయటికి కనపడాలె. అంతకుముందు ఆన్‌లైన్ల తెప్పించిన ఒకదాంట్ల బ్లేడు ఒక మూలకి ఎక్కువ బయటికొచ్చేది, ఆ మూలనే చర్మాన్ని పట్టుకుంటది, వాపస్ పంపించేసిన. పిడి దగ్గర స్క్రూ కూడా చూడండి, తెరిచి పట్టుకుంటే కత్తి ఊగొద్దు.

బరువు ఎందుకంటే, తేలికది చేతిల ఉంటే తెలియకుండనే నొక్కుతం, నొక్కితేనే తెగుతది. బరువుంటే కత్తి దాని పని అది చేస్కుంటది, మనం యాంగిల్ పట్టుకుంటే చాలు. చర్మానికి దాదాపు 30 డిగ్రీలు, ఇంకా లేపితే గీరుకుంటది, మరీ పడుకోబెడితే వెంట్రుక తెగకుండ లాగుతది. ఇంకో సంగతి చాలామంది చెప్పరు, సగం బ్లేడు ఉస్త్రా అసలు కత్తి కంటె మొహం మీద కఠినం, బ్లేడు రెండు మూలలు సూదిలెక్క ఉంటయి, అసలు కత్తి కొస చాలావాటికి గుండ్రంగ ఉంటది. మరి అసలుదే ఎందుకు కొనొద్దంటే, జర్మనీ సోలింగెన్ నుంచి వచ్చే డోవో లాంటి కత్తి ఇక్కడికి చేరేసరికి పదివేలు దాటుతది, ప్రతి షేవింగ్‌కి ముందు తోలు పట్టా మీద రుద్దాలె, పదును తగ్గినప్పుడు 1000 నుంచి 8000 గ్రిట్ (రాయి ఎంత నున్నగున్నదో చెప్పే నంబరు) దాక సాన రాళ్లు కావాలె. కొత్తోడికి సరిగ్గ తెగకపోతే తప్పు చేతిదా పదునుదా అర్థం కాదు. కొత్త బ్లేడు పెట్టినప్పుడు ఆ డౌటే ఉండదు, పదును ఉన్నట్టే, తప్పుంటే చెయ్యిదే, అట్లనే చెయ్యి తొందరగ నేర్చుకుంటది.

నురగ గురించి హైదరాబాద్ వాళ్లకి స్పెషల్‌గ చెప్పాలె. బోరు నీళ్లతోటి సబ్బు నురగ నిలవదు, నీళ్లల్ల ఉన్న క్యాల్షియం సబ్బుతోటి కలిసి తెల్లటి మడ్డి లెక్క అయితది, మొహం మీద ఆరిపోతది, ఆరిన నురగ మీద ఉస్త్రా ఆడిస్తే మంటనే. ఒక మగ్గు మంజీరా నల్లా నీళ్లో ఫిల్టర్ నీళ్లో వేడి చేసి పెట్టుకోండి, ముందు రెండు మూడు నిమిషాలు గడ్డం తడిపితే వెంట్రుక మెత్తబడతది, తర్వాత బ్రష్‌తోటి గుండ్రంగ తిప్పుకుంట క్రీం పట్టించండి.

మొదట్ల చెంపలు మాత్రమే ఉస్త్రాతోటి చెయ్యండి, మిగతాది మామూలు రేజర్‌తోటి. ఖాళీ చేతితోటి చర్మం పైకి గుంజి పట్టుకోవాలె, కణత దగ్గర నుంచి కిందికి చిన్న చిన్న గీతలు, వెంట్రుకలు వాలిన దిక్కే. కత్తిని ఎప్పుడూ అడ్డంగ జరపొద్దు, అంచు పొడుగున జారితే క్షణంలో తెగుతది. మెడ మీద వెంట్రుకలు ఒక్కో దగ్గర ఒక్కో దిక్కుకి తిరుగుతయి, షేవింగ్‌కి ముందే వేళ్లతోటి రుద్ది చూస్తే తెలుస్తది, ఏ దిక్కుకి రుద్దితే గరుకు తగుల్తదో ఆ దిక్కుకి గీసుడు మొదట్ల వద్దు. గదవ, పెదవుల మూలలు ఆఖర్ల నేర్చుకునేటివి, అక్కడ చర్మం ఎముక మీద వంపు తిరుగుతది కాబట్టి ఎంత గుంజినా చదునుగ రాదు, ఓపిక పట్టాల్సిందే. అయిపోయినంక చల్లటి నీళ్లు, పటిక. పటిక రాసినప్పుడు ఎక్కడ చురుక్కుమంటే అక్కడ ఎక్కువ నొక్కినట్టు, అంతకంటె మంచి టీచర్ లేదు.

బ్లేడుని కవర్ల ఉండగానే నడుమకి వంచి విరవాలె, ఉట్టి చేతితోటి పట్టుకోవద్దు. ఒక సగం రెండు మూడు సార్ల కంటె ఎక్కువ వాడను, లాగుతున్నట్టు అనిపిస్తే నడిమధ్యల అయినా మారుస్త, ప్యాకెట్ ఖరీదు చూస్తే దీంట్ల పొదుపు చేసే అవసరమే లేదు. వాడిన బ్లేడ్లు చెత్త బుట్టల వెయ్యకండి, మన చెత్త తీస్కపోయే అన్నలు చేతులతోటే వేరు చేస్తరు, ఖాళీ టిన్ డబ్బాకి మూత మీద సన్న గాటు పెట్టి అందుల వేసి, నిండినంక టేపు చుట్టి చెప్పి ఇవ్వండి. ఒకరి బ్లేడు ఇంకొకరు వాడుడు ఇంట్లో అన్నదమ్ములైనా వద్దు, హెపటైటిస్ బి లాంటివి రక్తంతోటి కూడా అంటుకుంటయి.

రేటింగ్ ఇయ్యమంటే ఉస్త్రాకి 5కి 4, స్టీలు పిడి తడి చేతికి జారుతది కాబట్టి ఒకటి తీసేసిన, తువ్వాల పక్కకి పెట్టుకుంటే ఆ ఇబ్బంది కూడా తగ్గుతది. మొహం మీద మొటిమలు ఎక్కువ ఉన్నోళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేటోళ్లు మాత్రం దీని జోలికి పోకండి. పొద్దున ఆఫీస్ హడావిడిల చేసేటోళ్లు ఆదివారం కోసం ఆపుకోండి, మొదట్ల అర్ధగంట ఈజీగ పడతది.