కంప్రెసర్ పోయిందన్న పాత విండో ఏసీ, 1,650 రూపాయలకే మళ్లీ నడిచింది: నల్లకుంట ఏసీ రిపేరు షాపు

ఏప్రిల్ నెలాఖరున ఒక రాత్రి అత్తయ్య గదిలో ఏసీ స్టార్ట్ కాలేదు. 2009లో కొన్న టన్నున్నర విండో ఏసీ అది, నాబ్‌లు తిప్పే పాత రకం, రిమోట్ కూడా ఉండదు. ఆవిడకి 79 ఏళ్లు, బీపీ ఉంది. మాది పై అంతస్తు, పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాటినా సెగలు కక్కుతూనే ఉంటుంది. ఆ రాత్రి ఆవిడని హాల్లో కూలర్ ముందు పడుకోబెట్టాం కానీ తెల్లవార్లూ ఒత్తిగిల్లుతూనే ఉన్నారు, మాకూ నిద్ర లేదు.

ఫ్యాన్ మీద పెడితే గాలి బాగానే వస్తోంది. కూల్‌కి తిప్పితే మాత్రం "మ్‌మ్‌మ్" అని లోపల ఒక మూలుగు, గదిలో ట్యూబ్‌లైటు ఒక్కసారి మసకబారుతుంది, నాలుగైదు సెకన్లకి "టక్" మంటుంది, మూలుగు ఆగిపోతుంది. రెండు మూడు నిమిషాలకి మళ్లీ అదే వరస. మీ ఇంట్లో కూడా ఇలాగే జరుగుతుంటే ఈ వరస గుర్తుపెట్టుకోండి, వచ్చిన మెకానిక్‌కి ఇదే చెప్పండి. ఊరికే "ఏసీ పనిచేయట్లేదు" అంటే ఎవరికి తోచింది వాళ్లు చెప్తారు.

నాకు అదే జరిగింది. మర్నాడు పొద్దున్న ఫోన్లో బుక్ చేస్తే ఒక సర్వీసు నుంచి అబ్బాయి వచ్చాడు. ముందు జాలీ కూడా విప్పలేదు, రెండుసార్లు నాబ్ తిప్పి విని, "కంప్రెసర్ పోయింది మేడమ్, గ్యాస్‌తో కలిపి 9,500 అవుతుంది, ఇంత పాతదానికి దండగ, ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయండి" అన్నాడు. కంప్రెసర్ అంటే ఏసీలో గ్యాస్‌ని నొక్కి తిప్పే మోటారు. విజిట్ ఛార్జీ 499 తీసుకుని పది నిమిషాల్లో వెళ్లిపోయాడు. బ్యాగులో ఉన్న మీటరు బయటికి తీయనేలేదు. డబ్బుల కంటే నాకు అక్కడే కోపం వచ్చింది.

అప్పుడు పక్కింటి ఆంటీ ఈ షాపు గురించి చెప్పారు. ఫీవర్ హాస్పిటల్ దాటాక ఒక చిన్న గల్లీలో ఉంటుంది, బోర్డు సరిగ్గా కనిపించదు, ముందు రెండు తుప్పు పట్టిన ఏసీ డబ్బాలుంటాయి, అవే గుర్తు. నడిపేది అరవై దాటిన ఒక పెద్దాయన, అందరూ భాయ్ అనే పిలుస్తారు, తోడుగా ఒక కుర్రాడు ఉంటాడు. నేను చెప్పింది మొత్తం విని ఒక్కటే అడిగారు: "టక్‌మన్నాక ఫ్యాన్ ఆగిందా, తిరుగుతూనే ఉందా అమ్మా?" తిరుగుతూనే ఉంది అన్నాను. "అయితే పరేషాన్ కాకండి, కంప్రెసర్ స్టార్ట్ కాలేకపోతోంది. పోయిందో లేదో కొలిచి చెప్తా" అన్నారు.

సాయంత్రం నాలుగుకి వస్తానని ఆరున్నరకి వచ్చారు. మధ్యలో రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఈ ఒక్కటీ నాకు నచ్చలేదు, ఇంట్లో పెద్దవాళ్లు ఉక్కలో కూర్చుని ఉన్నప్పుడు ఆలస్యమవుతుందని ఒక్క మాట చెప్తే బాగుండేది.

కానీ వచ్చాక చేసిన పని చూశాను చూడండి, అందుకే ఇంత రాస్తున్నాను. మొట్టమొదట ఏసీని ముట్టుకోలేదు, గోడకున్న సాకెట్ చూశారు. ప్లగ్ పీకి నా చేతిలో పెట్టారు. 16 ఆంప్స్ ప్లగ్‌లో ఒక పిన్ను నల్లబడి, దాని చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి కొద్దిగా కరిగి ఉంది. సాకెట్ లోపల పట్టు వదులైతే అక్కడ వేడి పుడుతుందట, కంప్రెసర్ మోటారుకి అందాల్సిన వోల్టేజీ అక్కడే తగ్గిపోతుందట. ప్లగ్ మళ్లీ పెట్టి కూల్‌కి తిప్పి, ఏసీ దగ్గర మీటరు పెట్టి చూపించారు: మామూలుగా 221 ఉన్నది, కంప్రెసర్ మూలిగినప్పుడు 180కి పడిపోయింది. ఇంత పడితే ఎంత మంచి కంప్రెసర్ అయినా కదలడం కష్టమన్నారు.

తర్వాత ప్లగ్ తీసేసి, ఇద్దరూ కలిసి ఏసీని డబ్బాలోంచి ముందుకి లాగారు. అప్పుడు వెనకవైపు చూశాను. కాయిల్ కనిపించట్లేదు! పావురాల ఈకలు, పుల్లలు, మందంగా పేరుకున్న దుమ్ము. మన హైదరాబాద్‌లో పావురాలు ఏసీ వెనక గూడు పెట్టని ఇల్లు ఏదైనా ఉందా? లోపలి వేడిని బయటికి తోసేది ఆ వెనక కాయిలే. అది మూసుకుపోతే కంప్రెసర్ మీద ఒత్తిడి పెరుగుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది. నేను నెలనెలా ముందు ఫిల్టరు కడుగుతాను, అదే సరిపోతుంది అనుకున్నాను. వెనక ఏముందో పదిహేనేళ్లలో మాకు ఎవరూ చూపించలేదు.

ఇక అసలు దొంగ దొరికింది. స్విచ్చుల వెనక అరచేతిలో పట్టే అల్యూమినియం డబ్బా ఒకటి, అదే కెపాసిటర్. దాని మీద 45 మైక్రోఫ్యారడ్, 440 వోల్ట్ అని రాసి ఉంది. చదునుగా ఉండాల్సిన పైభాగం పూరీలా ఉబ్బింది, అంచున జిడ్డు. భాయ్ దాన్ని నేరుగా ముట్టుకోలేదు. హోల్డర్‌లో పెట్టిన బల్బుకి రెండు వైర్లున్నాయి, వాటిని దాని కొనలకి తాకించి "ప్లగ్ తీసినా ఇందులో కరెంటు నిలవ ఉంటుందమ్మా, ముందు ఖాళీ చేయాలి" అన్నారు. దయచేసి ఎవరూ వీడియో చూసి ఇంట్లో దీన్ని విప్పకండి. ఎంసీబీ (బోర్డులో ట్రిప్ అయ్యే స్విచ్చు) పడిందేమో, ప్లగ్ కాలిందేమో, వోల్టేజీ ఎంతుందో, నాబ్ కూల్ మీదే ఉందో, ఫిల్టరు శుభ్రంగా ఉందో మనం చూసుకోవచ్చు, అంతవరకే.

మీటరు పెడితే 45 ఉండాల్సిన చోట 19 చూపించింది. అయిదారు శాతం అటూ ఇటూ అయితే ఫర్వాలేదట, ఇది సగం కూడా లేదు. కంప్రెసర్‌లోని మోటారు ఇళ్లకి వచ్చే మామూలు సింగిల్ ఫేజ్ కరెంటు మీద నడుస్తుంది, తనంతట తాను తిరగడం మొదలుపెట్టలేదు, మొదటి తోపు ఇచ్చేది కెపాసిటరే. సీలింగ్ ఫ్యాన్ కండెన్సర్ వీక్ అయితే బ్లేడుని చేత్తో తిప్పితే గానీ కదలదు కదా, అదే సంగతి. తోపు అందక మోటారు అక్కడే ఆగిపోయి విపరీతంగా కరెంటు లాగుతుంది, ట్యూబ్‌లైటు మసకబారేది అందుకే. అలా కాలిపోకుండా కంప్రెసర్ మీద ఉండే ఓవర్‌లోడ్ అనే స్విచ్చు కట్ అవుతుంది, ఆ టక్ శబ్దం దానిదే. చల్లారాక మళ్లీ కలుస్తుంది, మళ్లీ మూలుగు.

ఇంకో మాట. ఫ్యాన్‌లో మనం కండెన్సర్ అనేదీ ఇదీ ఒక్కటే జాతి, కానీ ఏసీ వాళ్ల భాషలో కండెన్సర్ అంటే వెనకుండే పెద్ద కాయిల్. "కండెన్సర్ పోయింది" అని ఎవరైనా అంటే ఏది పోయిందో వేలు పెట్టి చూపించమనండి, వందలకీ వేలకీ ఉన్న తేడా అది.

కెపాసిటర్ దొరికింది కదా అని అక్కడితో ఆగలేదు. కంప్రెసర్ వైర్లు కూడా విప్పి మూడు టెర్మినళ్ల మధ్య కొలిచారు: కామన్, రన్ మధ్య 1.8 ఓమ్‌లు, కామన్, స్టార్ట్ మధ్య 3.4, రన్, స్టార్ట్ మధ్య 5.2. నా చేతే కాగితం మీద రాయించి "మొదటి రెండూ కలపండి" అన్నారు. కలిపితే సరిగ్గా మూడోది వచ్చింది. అలా వస్తే లోపల వైండింగ్, అంటే మోటారు తీగ చుట్టలు, బాగున్నట్టు. కంప్రెసర్ బాడీకి కరెంటు లీక్ అవుతోందేమో కూడా చూశారు, లేదు. అంటే పోయిందని నాకు చెప్పిన కంప్రెసర్‌కి ఏ రోగమూ లేదు.

కొత్త కెపాసిటర్, కొత్త ప్లగ్, సాకెట్ వేసి కూల్‌కి తిప్పారు. ఒక్క కుదుపు, ఆ తర్వాత ఆ పాత గుర్‌ర్‌ర్ మొదలైంది. అత్తయ్య హాల్లోంచే "వచ్చిందమ్మా!" అన్నారు. వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు 9.8 ఆంప్స్ చూపించింది. వెనక కాయిల్ నీళ్లతో కడిగి, ఆరాక మళ్లీ పెడితే 8.5కి దిగింది. ఏసీ వెనక ప్లేటు మీద, అది లాగాల్సిన కరెంటు 8.6 అని ఉంది.

గ్యాస్ కూడా నింపించాలా అని నేనే అడిగాను, ఎందుకంటే ఏటా ఎవరో ఒకరు నింపాలనే అంటారు. "గ్యాస్ పెట్రోల్ కాదమ్మా, వాడితే అయిపోవడానికి. పైపుల్లో లీక్ ఉంటేనే పోతుంది, లీక్ మూయకుండా నింపితే మళ్లీ పోతుంది" అన్నారు. మాది పాత ఆర్-22 గ్యాస్. ఓజోన్ పొరకి చేటని మాంట్రియల్ ఒప్పందం కింద మన దేశంలో 2030 నాటికి దీన్ని దాదాపు పూర్తిగా ఆపేయాలి. ఆ సంగతీ భాయ్ దాచలేదు: "ఎప్పుడైనా కాయిల్ లీకయితే దీని మీద డబ్బు పెట్టొద్దు, అప్పుడు కొత్తది కొనండి." కరెంటు పోయి వస్తే మూడు నిమిషాలు ఆగి వేయమన్నారు, లోపల గ్యాస్ ఒత్తిడి సమం కాకుండా వేస్తే కంప్రెసర్‌కి మళ్లీ అదే బాధట. ఆ ఆలస్యం తనే చూసుకునే స్టెబిలైజర్ మేం తర్వాత కొన్నాం.

బిల్లు: కెపాసిటర్ 450, ప్లగ్, సాకెట్ కలిపి 300, వాటర్ వాష్ 600, వచ్చినందుకు 300. మొత్తం 1,650, కెపాసిటర్‌కి ఆరు నెలల గ్యారంటీ. బిల్లు చేత్తో రాసిన చీటీయే, కానీ పాత కెపాసిటర్ అడక్కుండానే నా చేతికిచ్చారు. కడిగిన మురికి నీళ్లు కింద వాళ్ల గోడ మీద పడితే కుర్రాడు వెళ్లి తుడిచి వచ్చాడు.

మే నెలంతా రోజుకి తొమ్మిది పది గంటలు నడిచింది, ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఐదుకి నాలుగున్నర ఇస్తున్నాను, ఆ అర ఫోన్ ఎత్తనందుకే. ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీల బోర్డు పనులు తాను చేయనని భాయే చెప్పారు, వాటికి వేరే చోటు చూసుకోండి. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి షాపు మూసేస్తారు, మూడు దాటాక వెళ్లండి. వెళ్లేటప్పుడు మీ ఏసీ మీద ఆంప్స్ రాసి ఉన్న ప్లేటు ఫోటో ఒకటి తీసుకెళ్లండి, ఆయనకి పనికొస్తుంది.