గ్రంథాలయం బీరువా మీద ఫైర్‌వాల్ పెట్టె: రెండేళ్ల వాడకం తర్వాత

ధర ముందే చెబుతాను, ఎవరైనా మొదట అడిగేది అదే. ఇంటర్నెట్ నుంచి వచ్చే దాడులనూ చెడ్డ సైట్లనూ ఆపే ఈ ఫైర్‌వాల్ పెట్టె 35,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 41,300. కొత్త దాడుల జాబితాలు తెచ్చుకోవడానికి కంపెనీకి ఏటా కట్టే లైసెన్సు మొదటి ఏడాదికి అందులోనే కలిసి ఉంటుంది. రెండో ఏడాది నుంచి విడిగా కొనుక్కోవాలి. ఆ సంగతి బిల్లు అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. నా ఫిర్యాదులో ముప్పాతిక వంతు ఆ అక్షరాల మీదే.

నేను కోనసీమలో ఒక శాఖా గ్రంథాలయంలో పనిచేస్తాను. ఉదయం మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు తెరిచి ఉంటుంది. శుక్రవారం సెలవు. నాలుగు కంప్యూటర్లు, దయ కలిగినప్పుడు పనిచేసే ఒక ప్రింటరు ఉన్నాయి. ప్రహరీ గోడకు అవతల ఉన్నత పాఠశాల. బడిలో కంప్యూటర్ గదికీ మాకూ కలిపి ఒకటే ఇంటర్నెట్ కనెక్షన్. అందుకే పెట్టె కూడా ఒకటే కొన్నాం. డబ్బు ఎంపీ నిధుల నుంచి వచ్చింది. పెట్టె తయారు చేసినవారి పేరు, మాకు అమ్మినవారి పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ తరహా పెట్టెలన్నీ ఇంచుమించు ఒకేలా పనిచేస్తాయి, ఒకేలా అమ్ముడవుతాయి.

అసలు ఎందుకు కొనవలసి వచ్చిందో చెప్పాలి. 2023 వేసవిలో పోటీ పరీక్షకు చదువుతున్న ఒకబ్బాయి హాల్ టికెట్ ప్రింటు కోసం పెన్‌డ్రైవు పట్టుకొచ్చాడు. పెట్టగానే అందులో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయి కనిపించాయి. అతను ఒకదాని మీద రెండుసార్లు నొక్కాడు, ఏమీ తెరుచుకోలేదు, ఇంకో కంప్యూటర్‌కు మారాడు. నేనూ పట్టించుకోలేదు. మర్నాడు పొద్దున పుస్తకాల జాబితా తెరవబోతే ఫైలు పేరు చివర ఎప్పుడూ చూడని ఐదక్షరాల తోక. పక్క ఫైలుకూ అదే తోక. డెస్క్‌టాప్ మీద ఇంగ్లీషులో ఒక ఉత్తరం: మీ ఫైళ్లకు తాళం వేశాం, తాళంచెవి కావాలంటే ఈ చిరునామాకు రాయండి అని. రెండు వేసవులు కూర్చుని తొమ్మిది వేల చిల్లర పుస్తకాల వివరాలు ఎక్కించిన జాబితా అది. నాకు మొదట కోపం కూడా రాలేదు. లేచి వెళ్లి బీరువాలోంచి, వచ్చిన ప్రతి పుస్తకాన్నీ చేత్తో రాసుకునే పాత యాక్సెషన్ రిజిస్టరు తీసి, అన్ని పేజీలూ ఉన్నాయో లేవో లెక్కపెట్టుకున్నాను. ఉన్నాయి. చెదలు తిన్న నాలుగు మూలలు తప్ప.

ఆ అక్టోబరులోనే లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీకి ఇదే గతి పట్టింది. తేదీ 28. అదే రోజున కెనడాలో టొరంటో నగర గ్రంథాలయాల మీద కూడా దాడి జరిగింది. టొరంటోలో పాఠకులు తిరిగి ఇచ్చిన పుస్తకాలను లెక్కలోకి ఎక్కించే దారి లేక, సుమారు పది లక్షల పుస్తకాలను ట్రక్కు పెట్టెల్లో దాచి ఉంచారు. బ్రిటిష్ లైబ్రరీ డబ్బు చెల్లించలేదు. దొంగలు దాదాపు 600 గిగాబైట్ల సమాచారాన్ని బయట పారేశారు. కేటలాగు 2024 జనవరి మధ్యలో గానీ మళ్లీ ఆన్‌లైన్‌లో కనిపించలేదు. ఇవన్నీ చదివినప్పుడు నాకు సంతోషం కలగలేదు గానీ, సిగ్గు కొంచెం తగ్గింది.

ఇక పెట్టె సంగతి. 2024 మార్చిలో రాజమహేంద్రవరం నుంచి ఒక కుర్రాడు వచ్చి బిగించాడు. పచ్చడి జాడీ పెట్టే అట్టపెట్టెంత ఉంటుంది, ఇనుప బీరువా మీద వారపత్రికల బైండ్ల పక్కన పెట్టాం. పని శుభ్రంగా చేశాడు. వైర్లకు కాగితం ముక్కలు అంటించి ఏది బడికి, ఏది మాకు అని తెలుగులో రాశాడు. పాస్‌వర్డు మాత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చినదే ఉంచేసి వెళ్లబోయాడు. "బాబూ, ఇది మార్చవా?" అన్నాను. "తర్వాత మీరు మర్చిపోతే మాకే ఇబ్బంది మేడమ్" అన్నాడు. నిలబెట్టి మార్పించాను. మీరు కొన్నా ఇదే చేయండి. తాళం బిగించి, చెవి గుమ్మానికే తగిలించి వెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు.

పనితీరులో మొదటి మెచ్చుకోలు: రెండు వర్షాకాలాలు, లెక్కలేనన్ని కరెంటు కోతలు, ఒక పిడుగు. పిడుగుకు బడి మోడెం పోయింది, ఇది పోలేదు. అశ్లీల సైట్లు, జూదం సైట్లు గట్టిగానే ఆపుతుంది. బడి పిల్లలు దాన్ని దాటడానికి చేయని ప్రయత్నం లేదు, తొమ్మిదో తరగతి వాళ్లు ఇద్దరు ఒకసారి దాటారు కూడా. హెడ్ మాస్టారు వాళ్లను తిట్టాలో మెచ్చుకోవాలో తేల్చుకోలేకపోయారు.

ఇబ్బంది ఎక్కడంటే, అది మంచినీ ఆపుతుంది. రొమ్ము క్యాన్సర్ గురించి ఒకావిడ వెతికితే నిషిద్ధం అని ఎర్ర తెర వచ్చింది. పాపం, అటూ ఇటూ చూసి లేచి వెళ్లిపోయారు. ఆ తెర పెట్టినవాళ్లు ఆవిడ ముఖం చూడాలి. ఇంకోసారి ఒక ఉద్యోగ దరఖాస్తుకు చివరి రోజు, సాయంత్రం అయిదున్నర, పదకొండు మంది వరుసలో ఉన్నారు. దరఖాస్తు పేజీ తెరవబోతే "ఈ సైటును నమ్మలేం" అంటుంది. ఈ పెట్టె తాళం వేసి వచ్చే సమాచారాన్ని కూడా మధ్యలో విప్పి చూసి, తిరిగి తన ముద్ర వేసి పంపుతుంది. ఆ ముద్రను ఆ పేజీ ఒప్పుకోలేదు. కంపెనీకి ఫోన్ చేస్తే మీ ఫిర్యాదు నమోదైంది అని హిందీలో, ఇంగ్లీషులో చెప్పారు. ఆరున్నరకు నేనే బీరువా ఎక్కి, పెట్టె నుంచి వైరు పీకి, నేరుగా మోడెంకు తగిలించాను. పదకొండు దరఖాస్తులూ వెళ్లాయి. ఇది ఇక్కడ ఒప్పుకుంటున్నాను, ఎవరూ అనుసరించకండి. కంపెనీవారు మూడో రోజు ఆ సైటును విప్పి చూడకుండా వదిలేసే ఏర్పాటు చేశారు.

నెలనెలా ఒక నివేదిక వస్తుంది. ముప్పై నలభై పేజీలు, ఇంగ్లీషులో, రంగురంగుల గ్రాఫులతో. ఒక నెల 4,112 దాడులను అడ్డుకున్నామని రాశారు. హెడ్ మాస్టారు కంగారుపడి ఫోన్ చేశారు. వాటిలో చాలావరకు ఏ తలుపు తెరిచి ఉందో అని ఇంటర్నెట్ అంతా తట్టుకుంటూ పోయే యంత్రాల తట్టుళ్లేనని ఆయనకు సర్దిచెప్పేసరికి టీ చల్లారిపోయింది. నాకు కావలసింది ఒక్క పేజీ: ఏ కంప్యూటర్‌లో తేడా ఉంది, నేనేం చేయాలి. అది ఆ నలభై పేజీల్లో లేదు.

ఇంకోటి, కొనేముందు ఎవరూ చెప్పనిది. ఫైర్‌వాల్ అంటే కాలువ తలమీద లాకు లాంటిది. పైనుంచి వచ్చే నీటిని చూస్తుంది, వదులుతుంది, ఆపుతుంది. మా ప్రాంతంలో పొలం పాడయ్యేది ఎప్పుడూ పై నీటితోనే కాదు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఉప్పునీరు మురుగు కాలువల్లోంచి ఎదురెక్కి వస్తుంది. పెన్‌డ్రైవు ఆ ఉప్పునీరు. లాకు ఎంత గట్టిదైనా దానికి తెలియదు. 2023లో ఈ పెట్టె ఉండి ఉన్నా నా జాబితా పోయేదే. దానికి కావలసింది ప్రతి కంప్యూటర్ లోపలా ఉండే రక్షణ, అన్నిటికంటే ముందు వేరేచోట దాచిన నకలు. అమ్మేవారు ఆ మాట అనలేదు, పెట్టె అమ్ముతున్నారు కాబట్టి.

ఇప్పుడు లైసెన్సు. 2025 మార్చిలో గడువు తీరింది. పెట్టె మీద పచ్చదీపం అలాగే వెలుగుతోంది, ఇంటర్నెట్ వస్తోంది. ఐదు వారాల తర్వాత, జూదం సైటు ఒకటి అడ్డు లేకుండా తెరుచుకోవడంతో బయటపడింది: పెట్టె కొత్త దాడుల జాబితాలు తెచ్చుకోవడం ఎప్పుడో మానేసింది. బతికే ఉంది, కళ్లు మూసుకుంది. లైసెన్సు పునరుద్ధరణకు మొదట 14,000 అన్న కంపెనీవారే ఇప్పుడు 19,500 అడిగారు. జీఎస్టీతో 23,010.

ఎవరివ్వాలి? ఎంపీ నిధులు శాశ్వత ఆస్తులకే, ఏటేటా వచ్చే ఖర్చులకు కాదు. పెట్టె ఆస్తి, లైసెన్సు ఖర్చు. గ్రంథాలయానికి వచ్చేది సెస్సు, ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు. అది స్థానిక సంస్థల నుంచి మా వరకు చేరేసరికి ఎన్ని నెలలవుతుందో ఈ శాఖలో పనిచేసే ఎవరినైనా అడగండి. బడికి సమగ్ర శిక్ష కింద కాంపోజిట్ గ్రాంటు ఉంది. 250 దాటి 1,000 మంది వరకు పిల్లలున్న బడికి ఏటా 75,000. అందులోనే సుద్దముక్కలు, కరెంటు బిల్లు, కుళాయి మరమ్మతు, కనీసం పదో వంతు పారిశుధ్యానికి. హెడ్ మాస్టారు కాగితం మీద లెక్క వేసి, "ఇందులో మీ పెట్టెకు ఎంత మిగిలిందో మీరే చూడండమ్మా" అని నా వైపు తిప్పారు. మిగల్లేదు. చివరికి సగం పూర్వ విద్యార్థులు, సగం మా ఉదయం పత్రికల బృందం పెద్దలు వేసుకున్నారు. నేను పద్దుల పుస్తకంలో "భద్రత ఖర్చు" అని రాశాను. ఆడిట్‌కు వచ్చినాయన కళ్లజోడు పైకి తోసుకుని, "వాచ్‌మన్‌ను పెట్టారా?" అని అడిగారు. పెట్టె చూపించాను. చాలాసేపు చూసి, "దీనికి జీతమా?" అన్నారు. అవునండీ, జీతమే అన్నాను. అంతకంటే బాగా నేను చెప్పలేకపోయేదాన్ని.

ఈ తల్లకిందుల వ్యవహారం మనకే అనుకునేదాన్ని. అమెరికాలో 1996 చట్టం ఆధారంగా బడులకూ గ్రంథాలయాలకూ ఇంటర్నెట్ ఖర్చులో 20 నుంచి 90 శాతం వరకు రాయితీ ఇచ్చే ఈ-రేట్ పథకం ఉంది. అందులో మామూలు ఫైర్‌వాల్‌కు డబ్బొస్తుంది గానీ అంతకు మించిన రక్షణకు రాదు. 2024 జూన్‌లో అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ మూడేళ్లకు 20 కోట్ల డాలర్లతో ప్రయోగాత్మకంగా విడి పథకం పెట్టింది. కొత్తతరం ఫైర్‌వాల్, కంప్యూటర్ల లోపలి రక్షణ, గుర్తింపు పరీక్ష, నిఘా అని నాలుగు పద్దులు పేరుపెట్టి రాశారు. ఒక్కో గ్రంథాలయానికి ఏడాదికి 15,000 డాలర్ల లెక్క, అందులో కొంత వాటా గ్రంథాలయమే భరించాలి. వచ్చిన దరఖాస్తులు 2,734, అడిగిన మొత్తం 370 కోట్ల డాలర్లు. ఉన్నదానికి 18 రెట్లు. 2025 జనవరిలో ఎంపికైన 707లో గ్రంథాలయాలు యాభై. పంక్తిలో చివరి విస్తరి మాదే, ఏ దేశమైనా. అయినా ఆ నాలుగు పద్దుల పేర్లు చూసి అసూయపడ్డాను. అలా పేరున్న పద్దు మాకు ఒక్కటుంటే ఆడిటర్‌గారికి బీరువా ఎక్కి చూపించే పని ఉండదు. మూడేళ్లయ్యాక వాళ్ల పచ్చదీపాలు ఏమవుతాయో చూడాలి.

మన దగ్గర కూడా బాధ్యత మాత్రం ముందే కాగితం మీదికి వచ్చేసింది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. సరైన జాగ్రత్తలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల వరకు అని ఆ చట్టంలో రాశారు. హెడ్ మాస్టారు ఆ అంకె విని, బడి స్థలం, చెరువు గట్టు, గట్టు మీది కొబ్బరిచెట్లతో సహా లెక్కవేశారు. చాలదు.

డబ్బు పెద్దగా అక్కర్లేని పనులే మాకు ఎక్కువ మేలు చేశాయి. మా కంప్యూటర్లలో డౌన్‌లోడ్స్ ఫోల్డరు ఒకసారి తెరిచి చూస్తే నాకు కడుపులో తిప్పింది. ఊళ్లో సగం మంది ఆధార్ కార్డులు, ఒకరి పెళ్లి ధ్రువపత్రం, ఒకమ్మాయి కుల ధ్రువీకరణ పత్రం, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీలు, అన్నీ అందరికీ కనిపించేలా. ఇప్పుడు పాఠకులు అతిథి ఖాతాలోనే కూర్చుంటారు, బయటికి రాగానే అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. పెన్‌డ్రైవులు నా బల్ల మీది పాత కంప్యూటర్‌లోనే పెట్టాలి. దానికి ఇంటర్నెట్ లేదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఉచితంగా ఇచ్చే శుభ్రపరిచే సాధనాలు వాడుకున్నాను. ప్రతి గురువారం సాయంత్రం మూసేముందు జాబితా నకలు ఒక హార్డ్ డిస్కులోకి ఎక్కించి వైరు పీకేస్తాను. రెండు డిస్కులున్నాయి, ఒకటి నా బీరువాలో, ఒకటి బడిలో పదో తరగతి మార్కుల పుస్తకాల పక్కన. వారం మార్చి వారం చేతులు మారతాయి. ఆన్‌లైన్‌లో డబ్బు మోసపోయినవారి కోసం సైబర్ నేరాల హెల్ప్‌లైన్ నంబరు 1930ని గోడ మీద పెద్దగా రాయించాను. పత్రికలకు వచ్చే పెద్దాయన ఒకరు దాన్ని చూసి వెంటనే ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించగలిగారు.

ఐదుకు ఎంత అంటే, పెట్టెకు మూడున్నర, అమ్మకం తర్వాతి సేవకు ఒకటిన్నర. తెలుగులో ఫోన్ ఎత్తేవాళ్లుంటే రెండున్నర ఇచ్చేదాన్ని. మీ బడికో గ్రంథాలయానికో ప్రజల డబ్బుతో కొనేటట్లయితే, మూడేళ్ల లైసెన్సును పెట్టె ధరలోనే కలిపి ఒకే బిల్లు అడగండి. అప్పుడది మొత్తంగా ఆస్తి పద్దులోకి ఇముడుతుందేమో ముందే కాగితం రాసి అడిగి తెలుసుకోండి. మేం అడగలేదు.

ఈసారి మా గడువు ఏప్రిల్ 18. రైస్ మిల్లువారిచ్చిన క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. కంపెనీవారు పంపిన కొత్త ధరల కాగితం నిన్న వచ్చింది, హెడ్ మాస్టారికి ఇంకా చూపించలేదు.