‘వాటర్‌ప్రూఫ్’ అని అమ్మే జాకెట్‌ను కొండకు తీసుకెళ్ళే ముందు లోపలి కుట్లు తిప్పి చూడండి

ఇంగ్లండులో కొండదారులు నడవడానికని ఆన్‌లైన్‌లో వాన జాకెట్ కొనబోతున్న మన తెలుగువారు, ముఖ్యంగా చదువుకో ఉద్యోగానికో కొత్తగా ఇక్కడికి వచ్చినవారు, డబ్బు కట్టే ముందు నా అనుభవం ఒకసారి చదవవలసిందిగా కోరుతున్నాను. 119 పౌండ్లు పోసి కొన్న జాకెట్ తొలి వానకే నన్ను నిలువునా తడిపింది. అంతకంటే ఎక్కువ బాధ కలిగించినది, అమ్మినవారు ఆ తడి నా చెమటేనని వాదించడం.

కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే వ్యవహారం ఇంకా తేలలేదు. వారి సొంత సైటులో ఆ జాకెట్ బొమ్మ కింద ‘వాటర్‌ప్రూఫ్, 10,000 మి.మీ.’ అని పెద్ద అక్షరాలతో ఉంది. ఆ అంకె చూసి నేను ఇంకేమీ చదవలేదు. పార్సెల్ వచ్చాక వేసుకుని అద్దంలో చూసుకుని, కొలత సరిపోయిందని తృప్తిపడి అలమారలో తగిలించాను. అది అయిదు వారాలు అక్కడే ఉండిపోయింది. ఈ అయిదు వారాల సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికివస్తుంది.

అక్టోబరులో ఒక శనివారం మాంచెస్టర్ నుంచి రైలెక్కి ఈడేల్‌లో దిగాను. 1965లో ప్రారంభమైన పెన్నైన్ వే అనే 268 మైళ్ళ కాలిబాట అక్కడే మొదలై, స్కాట్లాండ్ సరిహద్దు దాటి కర్క్ యెథోమ్ అనే ఊళ్ళో ముగుస్తుంది. మొదటి రోజు నడక కిండర్ స్కౌట్ పీఠభూమి మీదుగా క్రౌడెన్ దాకా, సుమారు 26 కిలోమీటర్లు. వాన పడుతుందని ముందే తెలుసు. తెలిసే వెళ్ళాను, ఎందుకంటే నా దగ్గర 10,000 మి.మీ. ఉంది కదా! తోడెవరూ లేరు. ఏ దారిన వెళ్తున్నానో, ఎన్నింటికి ఫోన్ చేస్తానో మాత్రం ఇంట్లో చెప్పి వెళ్ళాను.

అప్పర్ బూత్ దాటి జేకబ్స్ లాడర్ రాతిమెట్లు ఎక్కేదాకా జాకెట్ మీద నీటి బొట్లు ముత్యాల్లా జారిపోతూ నన్ను మురిపించాయి. పైకి చేరి 633 మీటర్ల ఎత్తున్న ‘కిండర్ లో’ (Kinder Low) అనే శిఖరం దగ్గర గాలిలో పడ్డాక కథ మారింది. మన ఊళ్ళో వాన చాలావరకు పైనుంచి పడుతుంది, కాబట్టి నెత్తి మీదుగా గొంగడి కప్పుకున్న గొర్రెలకాపరి దానికింద పొడిగానే ఉంటాడు. ఇక్కడి వాన అడ్డంగా వచ్చి పక్కటెముకలను కొడుతుంది. పడమటి గాలి బలంగా ఉన్నప్పుడు కిండర్ డౌన్‌ఫాల్ జలపాతం కిందికి పడకుండా వెనక్కి, పైకి ఎగురుతుందంటారు. ఆ రోజు దాన్ని కళ్ళారా చూశాను గాని, ఆనందించే స్థితిలో లేను. అప్పటికే చంకల కింద, నడుము పక్కన, జేబుల చుట్టూ చల్లటి నీళ్ళు పాకుతున్నాయి. జిప్పు వెంట దారగా దిగుతున్నాయి. జేబులోని ఫోన్ తడిసి, నా వేలిని గుర్తించడం మానేసింది. ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్న కాగితపు మ్యాపే ఆదుకున్నది.

లోపల నూలు బనీను వేసుకోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. నూలు తడిస్తే ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. పళ్ళు టకటకలాడుతుండగా గ్లవ్స్ కట్టు బిగించుకోవడానికి కూడా వేళ్ళు కదలకపోయేసరికి భయం వేసి, క్రౌడెన్ ఆశ వదులుకుని, గాలి వీపుకు తగిలేలా వచ్చిన దారినే తిరిగి దిగాను. ఇంకో రెండు గంటలు ముందుకే వెళ్ళి ఉంటే 999కు ఫోన్ చేసి పోలీసుల ద్వారా మౌంటెన్ రెస్క్యూను అడగవలసి వచ్చేదేమో. జీతం లేకుండా సేవగా వచ్చే ఆ వాలంటీర్లను ఒక నాసి జాకెట్ కోసం వానలోకి రప్పించడం న్యాయం కాదు.

ఇంటికొచ్చి జాకెట్‌ను లోపలివైపుకు తిప్పి చూస్తే గాని నాకు అసలు సంగతి అర్థం కాలేదు. ఆ 10,000 అనే అంకె బట్టకు సంబంధించినది, జాకెట్‌కు కాదు. పరీక్షలో బట్ట ముక్కను బిగించి నీటి ఒత్తిడి పెంచుకుంటూ పోయి, మూడు చోట్ల చుక్కలు కనిపించినప్పటి ఒత్తిడిని నీటి మట్టం ఎత్తుగా, అంటే ఇక్కడ పది మీటర్లుగా, రాస్తారు. కాని బట్టను జాకెట్‌గా కుట్టినప్పుడు సూది పొడిచిన ప్రతిచోటా ఒక రంధ్రం మిగులుతుంది. వాటిని లోపలినుంచి టేపు అతికించి మూయాలి. అన్ని కుట్లకూ టేపు ఉంటే ‘ఫుల్లీ టేప్డ్’ అంటారు. కొన్నింటికే ఉంటే ‘క్రిటికల్లీ టేప్డ్’ అని గొప్పగా వినిపించే పేరు పెడతారు. నా జాకెట్‌లో టోపీకి, భుజాలకు మాత్రమే టేపు ఉంది. చంకలు, పక్కలు, జేబులు అన్నీ బోసి కుట్లే. జిప్పుకు వెనుక పట్టీ కూడా లేదు. సైటులో ఈ విషయం ఎక్కడా రాయలేదని మళ్ళీ మళ్ళీ చదివి నిర్ధారించుకున్నాను.

ఫిర్యాదు చేస్తే, కష్టపడి కొండ ఎక్కితే లోపల చెమట పట్టడం సహజమని జవాబు వచ్చింది. అది పూర్తిగా అబద్ధం కాదు: నీటిని జారిపోనిచ్చే పైపూత అరిగిపోయిన జాకెట్ పైబట్ట నీళ్ళు పీల్చుకుంటే లోపలి ఆవిరి బయటికి పోక చెమ్మగా మారుతుంది, చాలామంది దాన్నే కారడం అనుకుంటారు. అందుకని లోపల లేత బూడిదరంగు చొక్కా వేసుకుని, కదలకుండా పది నిమిషాలు షవర్ కింద నిలబడ్డాను. చొక్కా మీద తడి సరిగ్గా కుట్ల గీతల వెంటే, గీసినట్టు కనిపించింది. నిలబడ్డ మనిషికి గీతలుగా చెమట పట్టదు. ఫోటోలు తీసి పంపితే తర్వాతి కొనుగోలుపై 20 శాతం తగ్గింపు కూపన్ ఇస్తామన్నారు.

ఇప్పుడు ఆ అయిదు వారాల సంగతి. ఇంగ్లండులో ఆన్‌లైన్‌లో కొన్న వస్తువును చేతికొచ్చిన 14 రోజుల లోపు కారణం చెప్పకుండానే వద్దనవచ్చు. 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం లోపమున్న వస్తువును 30 రోజుల లోపు తిరస్కరించి పూర్తి సొమ్ము అడగవచ్చు. నేను రెండు గడువులూ అలమారకు సమర్పించుకున్నాను. అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు: ఆరు నెలల లోపు బయటపడిన లోపం మొదటినుంచీ ఉన్నట్టే చట్టం భావిస్తుంది; కాదని నిరూపించవలసిన బాధ్యత అమ్మినవారిది. ముందు బాగుచేసే లేదా మార్చే అవకాశం వారికివ్వాలి, అది ఫలించకపోతే డబ్బు అడగాలి. నాకు మార్చి పంపిన రెండో జాకెట్‌లోనూ అవే బోసి కుట్లు!

కాబట్టి పార్సెల్ వచ్చిన రోజే జాకెట్‌ను తిరగేసి ప్రతి కుట్టు మీదా వేలు పెట్టి చూడండి. అంగడిలో చూసినంత మేరకు చూసినందుకు ఎవరూ మీ సొమ్ము కోయలేరు. షవర్ పరీక్ష మాత్రం ఉంచుకుంటామని తేలాకే చేయండి, తడిపితే విలువ తగ్గిందని కొంత కోసే వీలుంది. ధర 100 పౌండ్లు దాటితే క్రెడిట్ కార్డుతో కొనండి. 1974 నాటి వినియోగ రుణ చట్టం 75వ సెక్షన్ కింద, 30,000 పౌండ్ల లోపు వస్తువుల విషయంలో అమ్మినవారితో పాటు కార్డు ఇచ్చిన బ్యాంకూ బాధ్యత వహించాలి. పలువురు అమ్మే మార్కెట్ సైటు ద్వారా కొంటే మాత్రం ఈ రక్షణ అందకపోవచ్చు.

నేను బ్యాంకుకు ఫోటోలు, ఉత్తరప్రత్యుత్తరాలు పంపి మూడు వారాలయింది. రెండు జాకెట్లనూ తిరిగి అడుగుతారేమోనని ఉతకలేదు. మొదటిది కిండర్ నల్లబురదతో సహా సంచిలోనే ఉంది.